అడుగున నన్నారి, పైన గోలీసోడా

పెద్ద నగరాల్లో ఇప్పుడు పాతకాలపు బార్ల మోజు నడుస్తోంది. మసక దీపాలు, గ్రామఫోను, తోలు ఏప్రాన్ కట్టుకున్న కుర్రాడు. మద్యనిషేధం ఉన్న 1920-33 నాటి అమెరికాలో దొంగచాటుగా నడిచిన బార్ల వేషం అది. బిల్లులో సగం ఆ వేషానికే పోతుందని నా అనుమానం. నిజమైన పాతదనం కావాలంటే రాయచోటిలో ఎండాకాలం పొద్దుగూకాక సోడా అంగడి ముందు నిలబడండి. రంజాన్ నెలలో తరావీ నమాజు ముగిశాకైతే ఇంకా మంచిది. ఇక్కడ పాత సరుకు అలంకారానికి పెట్టింది కాదు, రోజూ చేతులు మారేది.

మద్యాన్ని పక్కన పెడితే కాక్‌టెయిల్‌లో మిగిలేది తీపి, పులుపు, చల్లదనం, నీళ్ల పాలు. ఈ లెక్క సోడా అంగడాయనకు చేతి అలవాటుగా తెలుసు. "భాయ్, రెండు నన్నారి, ఐసు తక్కువ" అంటే చాలు, పాకం ఒక పిసరు తగ్గించి పోస్తాడు. ఐసు తక్కువైతే కరిగే నీళ్లూ తక్కువే, తీపి ముందుకొస్తుంది మరి.

అసలు కష్టమంతా ఆ నన్నారి వేరు పాకంలో ఉంది. నన్నారి తీగ శేషాచలం, నల్లమల, పాలకొండల్లో పొదల కింద పాకుతుంది. వేరు తవ్వి తెచ్చి, మట్టి పోయేలా కడిగి, దంచి, లోపలి గట్టి పుల్ల తీసేస్తారు. వాసనంతా పైతొక్కలోనే ఉంటుంది. ఆ వాసననిచ్చే పదార్థానికీ వెనిలాలోని వెనిలిన్‌కూ అణుసూత్రం ఒకటే, లోపలి అమరిక మాత్రం వేరు. ఆవిరితో పాటు ఎగిరిపోయే గుణం దానిది. అందుకే తెలిసినవాళ్లు తొక్కను గంటలకొద్దీ మరిగించరు. వేడినీళ్లలో వేసి మూతపెట్టి రాత్రంతా వదిలేస్తారు. తెల్లారి వడగట్టిన కషాయంలో చక్కెర వేసి, తీగపాకం రాకముందే దించుతారు. నిమ్మరసం కొన్ని చుక్కలు పడితే చక్కెర మళ్లీ గడ్డకట్టదు. తొందరపడి ఎక్కువ కాచారో, రంగు మిగులుతుంది, పరిమళం వంటింటి పాలవుతుంది.

ఇక సోడా. బీరు పీపాల మీద తేలే గాలిని నీళ్లలోకి ఎక్కించవచ్చని 1767లో జోసెఫ్ ప్రీస్ట్‌లీ చూపించాడు. ఆ గాలిని సీసాలో బంధించడం ఇంకో తలనొప్పి. బిరడా ఎండితే గ్యాసు జారిపోయేది. 1872లో హైరమ్ కాడ్ అనే ఆంగ్లేయుడు మూతనే సీసా లోపల పెట్టేశాడు. గొంతులో రబ్బరు రింగు, దాని కింద గాజు గోలీ. సీసాను తలకిందులుగా ఉంచి గ్యాసు కలిపిన నీళ్లు నింపితే గోలీ గొంతులోకి జారుతుంది, లోపలి ఒత్తిడే దాన్ని రింగుకు అదిమి పట్టుకుంటుంది. అంటే ఈ సీసాకు మూత వేసేది గ్యాసే! గొంతు కింద నొక్కినట్టున్న గుంటలు సొగసుకు కాదు, వంచి పోసేటప్పుడు గోలీ అడ్డం పడకుండా పక్కన ఆపడానికి. జపాన్‌లో రామునే అనే తీపి సోడా ఇప్పటికీ ఇలాంటి సీసాలోనే అమ్ముతారు.

గ్లాసులో వరుస తప్పకూడదు. ముందు పాకం, దాని మీద అప్పుడే కోసిన నిమ్మకాయ, నానిన సబ్జా గింజలు, ఐసు, చివరన సోడా. సోడా ముందు పోసి తర్వాత అన్నీ వేస్తే గ్యాసంతా నురగై పొంగిపోతుంది. ఉప్పు సోడా అడిగితే ఈ తేడా కంటికే కనిపిస్తుంది, ఉప్పు రేణువు పడ్డచోటల్లా బుడగలు లేస్తాయి. గ్లాసును కాస్త వంచి అంచు వెంబడి పోయాలి, ఒక్కసారే కలపాలి. బాగా చల్లబడిన నీళ్లే గ్యాసును పట్టుకుంటాయి గనుక గోరువెచ్చటి సోడాలో ఎంత ఐసు వేసినా ఆ చురుకు రాదు.

ఇప్పుడు చాలాచోట్ల వేరు పాకం బదులు ఎసెన్సు, రంగు కలిపిన చక్కెర నీళ్లు పోస్తున్నారు. పట్టుకోవడం కష్టమేం కాదు. ఎసెన్సు వాసన గ్లాసు ఎత్తగానే ముక్కుకు కొట్టి, మింగగానే మాయమవుతుంది. వేరు వాసన తాగాక గొంతులో కాసేపు నిలుస్తుంది, వెనకాల కాస్త వగరు తగులుతుంది. దానికి ఐదో పదో ఎక్కువ అడిగితే బేరమాడకండి. కొండలో వేరు తవ్వేవాళ్లు మొదలంతా పెకలించకుండా కొంత మట్టిలో వదిలేస్తేనే తీగ మళ్లీ చిగురుస్తుంది. అలా వదిలిన రోజు మూట చిన్నదవుతుంది.