'ఎదురుకాల్పులు': భద్రతా పరిభాష, మానవహక్కులు - నల్లమల నేపథ్యం

కీలకపదాలు: ఎదురుకాల్పులు, ఇన్‌ఫార్మర్, ప్రజాభద్రత, మానవహక్కులు, నల్లమల, చెంచులు.

1. ప్రవేశిక:

ప్రజల ప్రాణరక్షణ రాజ్యానికి ప్రథమ ధర్మం. అందుకు ప్రయోగించే బలానికి రాజ్యాంగమే హద్దు విధించింది. చట్టం నిర్దేశించిన పద్ధతిలో తప్ప ఏ వ్యక్తి ప్రాణాన్నీ హరించరాదని 21వ అధికరణం చెబుతున్నది. అందులో 'పౌరుడు' అని కాక 'వ్యక్తి' అని ఉండటం గమనార్హం. భద్రతకూ హక్కులకూ మధ్య సమతుల్యత సాధారణంగా న్యాయశాస్త్ర చర్చగానే సాగుతుంది. నల్లమల ఘటనలను వర్ణించిన పరిభాషను పరిశీలిస్తే దానికి భాషాపార్శ్వం కూడా ఉన్నదని తెలుస్తుంది.

2. 'ఎదురుకాల్పులు' - అర్థవిచారం:

ఈ సమాసంలోని 'ఎదురు' శబ్దాన్ని 'ప్రతిగా' అని గ్రహిస్తే, మొదట కాల్చినది మృతుడే అవుతాడు. 'పరస్పరం' అని గ్రహించినా, అతడు సాయుధుడై పోరాడినట్లు ముందే స్థిరపడుతుంది. చట్టం దృష్టిలో ఆత్మరక్షణ రుజువు చేయవలసిన వాదం. ఈ పదం దానిని రుజువైన విషయంగా ప్రకటిస్తున్నది. ఇటువంటి మరణాలలో ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేయాలని, ఆత్మరక్షణ వాదాన్ని న్యాయవిచారణలో తేల్చాలని 2009 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. ఆ తీర్పుపై స్టే ఇచ్చిన సుప్రీంకోర్టే 2014లో పి.యు.సి.ఎల్. కేసులో స్వతంత్ర దర్యాప్తు, మేజిస్ట్రేటు విచారణలతో కూడిన 16 మార్గదర్శకాలను నిర్దేశించింది.

3. 'ఇన్‌ఫార్మర్', 'సానుభూతిపరుడు':

విమర్శ ఒక పక్షానికే పరిమితమైతే అది విమర్శ కాదు. ఆయుధంతో వచ్చినవారికి అన్నం పెట్టిన చెంచు ఒకరికి 'సానుభూతిపరుడు'. పోలీసులకు దారి చూపినవాడు మరొకరికి 'ఇన్‌ఫార్మర్'. భయంతో చేసిన పనికీ విశ్వాసంతో చేసిన పనికీ ఉన్న భేదాన్ని ఈ రెండు పదాలూ చెరిపివేస్తాయి. రెండింటిలోనూ విచారణకు ముందే తీర్పు ఉన్నది. అయినా ఉభయులనూ ఒకే త్రాసులో తూచలేము. సాయుధ బృందం చేసిన హత్యను విచారించడానికి రాజ్యం ఉన్నది. రాజ్యమే చట్టాన్ని అతిక్రమిస్తే బాధితుడు ఆశ్రయించవలసిన వ్యవస్థే ప్రతివాది అవుతుంది.

4. చర్చల సందర్భం:

2004 అక్టోబరులో నక్సలైట్ నాయకులు దోర్నాల ప్రాంతపు చిన్నారుట్ల వద్ద అడవి నుండి వెలుపలికి వచ్చి హైదరాబాదు చర్చలకు వెళ్లారు. ఎస్.ఆర్. శంకరన్ నాయకత్వంలోని పౌరస్పందన వేదిక కృషి ఇందుకు తోడ్పడింది. అప్పటివరకు అజ్ఞాతంలో ఉన్నవారు ఆ కొద్దిరోజులు 'ప్రతినిధులు' అయ్యారు. 2005 జనవరిలో చర్చల ప్రక్రియ భగ్నమైంది. ఆగస్టు 15న ఎమ్మెల్యే సి. నర్సిరెడ్డి తదితరుల హత్య జరిగింది. వెంటనే నిషేధం తిరిగి వచ్చింది. దానితో పాత పరిభాషా తిరిగి వచ్చింది.

5. ముగింపు:

విచారణ పూర్తయ్యేవరకు 'పోలీసు కాల్పుల్లో మృతి' అని, 'ఇన్‌ఫార్మర్ హతం' అన్నచోట 'గ్రామస్థుని హత్య' అని వ్రాయడం వల్ల భద్రతకు భంగం కలగదు. సత్యశోధనకు అవకాశం మిగులుతుంది. పత్రికారచన, అనువాదం బోధించే తెలుగు శాఖలు ఈ పదవివేచనను పాఠ్యాంశంగా స్వీకరించడం అవసరం.