నెత్తికి వేడి తెలియని రోజులు

హైదరాబాద్ వెళ్లి జుట్టు నాటించుకొని వచ్చినవాళ్లకు మన దగ్గర వినిపించే సలహా ఒకటే: ఎండలు తగ్గేదాకా జాగ్రత్తగా ఉండు. సూర్యాపేట జిల్లా పెన్‌పహాడ్ నుంచి కోదాడ, మిర్యాలగూడ దాకా ఎవరైనా ఇదే చెబుతారు. సలహాలో ప్రేమ ఉంది, కొలతే సరైంది కాదు. మనం ఎండను వేడితో కొలుస్తాం. 2015లో రెండు తెలుగు రాష్ట్రాల్లో రెండు వేలకు పైగా ప్రాణాలు తీసిన వడగాలులు ఆ అలవాటును ఇంకా గట్టిపరిచాయి. వడదెబ్బ వరకు అది సరైన కొలతే. కానీ సర్జరీ అయిన మాడును కమిలించేవి అతినీలలోహిత కిరణాలు. అవి కంటికి కనిపించవు, ఒంటికి వెచ్చగానూ తగలవు. అందుకే నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇది: జుట్టు నాటించుకున్న మనిషి ఎండ తగులుతోందా లేదా అని తన ఒంటిని అడిగి లాభం లేదు. గడియారాన్ని చూడాలి, నెలను చూడాలి.

ఒంటిని ఎందుకు నమ్మకూడదో తెలియాలంటే ఆ సర్జరీలో జరిగేది తెలియాలి. తల వెనుక భాగం నుంచి కుదుళ్లు తీసి, బట్టతల మీద సన్నటి గాట్లు పెట్టి వాటిలో కూర్చోబెడతారు. ఒక్కో తలకు రెండు మూడు వేల గాట్లు మామూలే. ఆ గాట్లకు చర్మంలోని సన్నటి నరాలు కూడా తెగుతాయి. మత్తు దిగాక కూడా కొన్ని వారాలు, కొందరికి కొన్ని నెలలు, మాడు మొద్దుబారి ఉంటుంది. చుర్రుమన్నా తెలియదు. మామూలు రోజుల్లో మనల్ని నీడకు తరిమే స్పర్శే అప్పుడు పని చేయదు. ఇక కుదురు సంగతి. నారు పెరికి నాటు వేసిన మడిలో మొక్క వేరూనడానికి ఎన్ని రోజులు పడుతుందో రైతుకు తెలుసు. కుదురు కూడా చుట్టూ ఉన్న కణజాలంతో అతుక్కోవడానికి తొమ్మిది పది రోజులు తీసుకుంటుంది. అయితే నారుకు ఎండ తిండి, కుదురుకు కాదు. న్యూయార్క్ డాక్టర్ నార్మన్ ఓరెన్‌ట్రైక్ 1959లో ప్రచురించిన పరిశీలన ప్రకారం, వెనుక నుంచి తెచ్చిన వెంట్రుక ఎక్కడ నాటినా తన పాత గుణాన్నే నిలుపుకుంటుంది. వెంట్రుక గట్టిదే. దాన్ని మోసే చర్మం మాత్రం ఏళ్ల తరబడి ఎండకు ఎండిన బట్టతల చర్మమే, ఇప్పుడు దాని మీద వేల గాయాలు అదనం.

ఎండకు నాటిన కుదుళ్లన్నీ మాడిపోతాయని భయపెట్టేవాళ్లూ ఉన్నారు. ఆ మాట ఒప్పుకోలేం. కుదురు చర్మంలో నాలుగైదు మిల్లీమీటర్ల లోతున ఉంటుంది. ఒంటిని కమిలించే కిరణాలు అంత లోతుకు దిగవు. దెబ్బ తినేది పైచర్మం. మానే చర్మం మీద వాపు పెరుగుతుంది, ఎరుపు నెలల తరబడి నిలుస్తుంది, మచ్చ నల్లబడుతుంది. మనది నల్లతోలు, ఎండ ఏం చేస్తుందనే వాదనకు సమాధానం కూడా ఇక్కడే ఉంది. మెలనిన్ వల్ల మనకు చర్మ క్యాన్సర్ ముప్పు తెల్లవారికన్నా చాలా తక్కువ, అది నిజం. కానీ గాయమైన చోట నల్లమచ్చ పడటం, పడ్డది వదలకపోవడం మన ఛాయలోనే ఎక్కువ. వెంట్రుక పలుచగా ఉండే నుదుటి అంచున ఆ మచ్చ పడితే, డబ్బు పోసి చేయించుకున్న పని అందం అక్కడే పోతుంది.

ఇక నెల సంగతి. మన ప్రాంతం పదిహేడో అక్షాంశం దగ్గర ఉంది. మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి ఏడాదిలో రెండుసార్లు వస్తాడు: మే రెండో వారం దరిదాపుల్లో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో మరోసారి. మేలో 45 డిగ్రీలకు భయపడి ఇంట్లో ఉంటాం. ఆగస్టులో మబ్బు చూసి, వానాకాలం నాట్ల పనిలో పడి, తల సంగతి మరిచిపోతాం. పలుచటి మబ్బు అతినీలలోహిత కిరణాల్లో ఎక్కువ భాగాన్ని వదిలేస్తుంది. ముసురు విడిచి ఎండ పొడిచిన గంటలో దాని తీక్షణత మే నెల ఎండకు తీసిపోదు. ఈ కిరణాల తీవ్రతను కొలిచే యూవీ సూచీ 3కు చేరితే కాపుదల కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన దగ్గర చలికాలం మధ్యాహ్నం కూడా అది 3 దాటే ఉంటుంది. పైగా మనకు తువ్వాల తడిపి నెత్తిన వేసుకునే అలవాటుంది. చల్లగా ఉంటుంది, నిజమే. కానీ పలుచటి తెల్ల నూలుగుడ్డ తడిస్తే పొడిగుడ్డకన్నా ఎక్కువ కిరణాలను లోపలికి వదులుతుంది. హాయిగా ఉన్నంత మాత్రాన కాపుదల ఉన్నట్టు కాదు.

తిరుమలలోనో యాదగిరిగుట్టలోనో గుండు చేయించుకొని, ఇంత గంధం రాసుకొని ఎండలో తిరిగి రావట్లేదా అని అడుగుతారు. గుండులో కత్తి చర్మం మీదుగా పోతుంది, లోపలికి దిగదు; స్పర్శ అలాగే ఉంటుంది, కాలిందంటే నీడకు పోతాం. నాటిన తలకు గంధం, కొబ్బరినూనె, పసుపు ఏవీ రాయకూడదు, డాక్టరు చెప్పేదాకా సన్‌స్క్రీన్ కూడా వద్దు. డి విటమిన్ కోసం దిగులు అక్కర్లేదు, దానికి చేతులు, కాళ్లు చాలు.

కాదనలేని అభ్యంతరం ఒక్కటే: పనికి పోకపోతే ఎలా గడుస్తుంది? పొలం ఆగదు, కూలీ ఆగదు. ఆ ఇబ్బందికి జవాబు సర్జరీ తర్వాత దొరకదు, ముందే చూసుకోవాలి. వానాకాలం కోతలు ముగిసి యాసంగి నాట్లు ఊపందుకునే లోపు రోజు పెట్టుకుంటే సూర్యుడు కిందికి జరిగి ఉంటాడు, చేతిలో కాస్త తీరికా ఉంటుంది. మొదటి పది రోజులు బిగుతు రుమాలు, హెల్మెట్ రెండూ పనికిరావు. హెల్మెట్ లేని బైకు ప్రయాణం ఇంకా ప్రమాదం కాబట్టి ఆ పది రోజులూ బైకు మానాలి. ఆ తర్వాత డాక్టరు సరేనన్నాక వదులైన, దట్టమైన నేత టోపీ, దాని మీద గొడుగు. ఆకాశం నుంచి చెదిరి వచ్చే కిరణాలు గొడుగు కిందికీ చేరతాయి గనుక గొడుగు ఒక్కటే చాలదు. కనీసం మూడు నెలలు, పది నుంచి నాలుగింటి దాకా ఇదే పద్ధతి.

క్లినిక్‌లను నడిపే డాక్టర్లకు ఒక విన్నపం. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే కాగితంలో ‘ఎండ తగలనివ్వవద్దు’ అని ఒక్క ముక్క రాసి వదిలేయకండి. ఎన్ని వారాలు, ఏ గంటలు, ఎలాంటి గుడ్డ అన్నది తెలుగులో రాయండి. మబ్బు పట్టిన రోజుకూ ఇదే వర్తిస్తుందని దాని కింద మరో వాక్యం చేర్చండి.