క్షీరారామగాథ: ఉపమన్యుని ప్రార్థన

పాలకొల్లు పంచారామములలో నొకటియగు క్షీరారామమునకు నెలవు. ఈయూరిపేరును, క్షీరపురియను సంస్కృతనామమును ఉపమన్యుని గాథకు ముడివెట్టుట స్థలపురాణజ్ఞుల వాడుక. బాలుఁడగు నుపమన్యుఁడు పాలకై శివుని వేఁడెననియు, శివుఁడు త్రిశూలముతో నేలను గ్రుచ్చఁగా క్షీరపుష్కరిణి వెలసెననియు నచటివారు చెప్పుదురు. వినుటకు నింపైన కథయే. కాని యింతమాత్రమే చెప్పినచో ప్రార్థన యనఁగా నడుగుట, దైవమనఁగా నిచ్చుట. అంతకుమించి యేమియు మిగులదు. బిడ్డ రోగశయ్యపై నుండఁగా వేఁడి వేఁడి విఫలులైన తల్లిదండ్రుల ప్రార్థన యేమైనట్లు? ఈరూపమునందు దీనికి సమాధానము లేదు.

భారతానుశాసనికపర్వమున నీకథ వేఱుగా నున్నది. అందు ఉపమన్యుఁడు వ్యాఘ్రపాదుని కుమారుఁడు. అతని యాశ్రమము హిమవంతమున నున్నది. పుత్త్రార్థియై వచ్చిన శ్రీకృష్ణునకుఁ దనకథను దానే చెప్పుచున్నాఁడు. అది గోదావరీమండలమునకు వచ్చుట భక్తుల పని. అందు తప్పుపట్టవలసినది లేదు. త్రోవలో జాఱిపోయిన రెండు ఘట్టములే విచార్యములు.

మొదటిది తల్లి మాట. పిండిని నీళ్లలోఁ గలిపి పాలని యీయఁగా, అంతకుముందే పాల రుచి యెఱిఁగిన బాలుఁడు కాదనెను. కందమూలములతో బ్రదుకు వనవాసులకు పాలెక్కడివని, శంకరుని యనుగ్రహము లేక యవి దొరకవని తల్లి దుఃఖించెను. శివపురాణ వాయవీయసంహిత యామెచే నింకను గఠినముగాఁ బలికించినది: పూర్వజన్మమున శివార్పణముగా నిచ్చినదే యిప్పుడు లభించునఁట. శాస్త్రమునకు సరిపడు మాటయే. ఆఁకొన్న పసివానికిఁ జెప్పఁదగిన మాటయా యనునది వేఱు. బాలుఁడు దానిని ఖండింపలేదు. లేమికిఁ గారణమును విని, యిఁకఁ జేయవలసినదానిని తాను నిశ్చయించుకొనెను.

రెండవది యింద్రుని రాక. శివుఁడే యింద్రరూపమున వచ్చి వరమడుగుమనఁగా నతఁడు నిరాకరించెను. శంకరాజ్ఞచే పురుగై పుట్టినను మేలే, యితరుఁడిచ్చు త్రిలోకాధిపత్యము వలదనెను. కథకుఁ బ్రాణమిదియే. దైవము పరీక్షించెననుట నిజము. కాని 'వలదు' అను మాటను దైవము పలికింపలేదు. పలికించినచో నది పరీక్షయే కాదు. శివుఁడు నిజరూపము చూపకముందే, పాలచుక్క దొరకకముందే, ఆ ప్రార్థన పూర్ణమైనది. వేఁడి ఫలము గాననివారి ప్రార్థన వ్యర్థమని యీకథనుబట్టి యెవ్వరును జెప్పఁజాలరు.

ఆదిపర్వమందలి ధౌమ్యశిష్యుఁడగు నుపమన్యునితో నితనిని గలిపివేయరాదు. ఆతఁడు పాలు త్రాగరాదని గురువుచే నిషేధింపఁబడినవాఁడు. జిల్లేడాకులు తిని, చూపుపోయి, నూతఁబడి, అశ్వినులను స్తుతించి, వారిచ్చిన యపూపమును గురువునకు నివేదింపక తిననన్నాఁడు. చిత్రమేమనఁగా, వేఱువేఱు బాలురైనను ఇద్దఱును దేవత యిచ్చుదానిని కాదన్నవారే.

అనుశాసనికమునందే, యీగాథకు ముందు, దైవపురుషకారములలో నేది గొప్పదని ధర్మరాజడుగఁగా, భీష్ముఁడు వసిష్ఠునకు బ్రహ్మ చెప్పిన సమాధానమును వినిపించును. అందు పురుషకారము క్షేత్రము, దైవము బీజము. వరిపొలముల నడుమ నున్న పాలకొల్లువారికి దీనిపై వేఱు వ్యాఖ్య యక్కఱలేదు. విత్తును రైతు సృజింపలేఁడు. దున్నని నేలలో నది పండదు. తల్లి విత్తు లేమిని జూచెను. కొడుకు నేలను దున్నెను.

పుష్కరిణి గట్టున కథ చెప్పువారు త్రిశూలమునకు ముందు ఇంద్రుని ఘట్టమును జేర్చుట యుచితము. అందులకుఁ బట్టునవి నాలుగు వాక్యములే.