హుక్కు దగ్గర మొదలయ్యే లెక్క

షెడ్డు వేయాలనుకున్నవాళ్ళు నన్ను ముందుగా అడిగేది దాదాపు ఎప్పుడూ ఒకటే. "చదరపు అడుగు ఎంత పడుతుంది సార్?" పొడవూ వెడల్పూ గడగడా చెప్పేస్తారు, అవి స్థలం కాగితాల్లోనే ఉంటాయి. ఎత్తు ఎంత కావాలంటే మాత్రం కాస్త ఆగి, "ఇరవై అడుగులు పెడదాం, సరిపోద్ది కదా" అంటారు. ఆ ఇరవై పక్కవాళ్ళ షెడ్డు చూసి చెప్పినది. ఫ్యాక్టరీలో తయారై, మన దగ్గరికొచ్చి బోల్టులతో బిగుసుకునే స్టీలు షెడ్డుకు పొడవు చాలకపోతే చివర ఇంకో రెండు ఫ్రేములు కలుపుకోవచ్చు. పక్కకు ఓ వసారా దించుకోవచ్చు. ఎత్తు అలా కాదు, ఒకసారి నిలబెట్టాక అంతే. అందుకని రేటు సంగతి తర్వాత చూద్దామని చెప్పి, ముందు పని జరిగే చోటుకు తీసుకెళ్ళమంటాను.

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే ఒక కుటుంబం హైవే పక్కన సొంత స్థలంలో పెద్ద వర్క్‌షాపు కట్టుకోవాలనుకుంది. వెడల్పు 24 మీటర్లు, పొడవు 60. టిప్పర్ల రిపేరు పని బాగా పెరిగింది. వాళ్ళ పాత షెడ్డుకు వెళ్ళినప్పుడు పెద్ద మేస్త్రి ఒక టిప్పరును బయట రోడ్డు మీదకు తీయించి, జాకీతో బాడీని పూర్తిగా పైకి లేపించారు. గడకర్ర పెట్టి కొలిస్తే దాని కొస నేల నుంచి 7 మీటర్ల దగ్గరికి వచ్చింది. "బాడీ లేపితేనే గదా బాబూ కింద పని. షెడ్డులో లేపితే రేకులకు తగులుద్ది. ఎండైనా వానైనా ఆ పని ఇక్కడే" అన్నారాయన. ఆయన చొక్కా అప్పటికే చెమటతో తడిసి వీపుకు అతుక్కుపోయింది. కొత్త షెడ్డు ఎత్తు అక్కడే, ఆ రోడ్డు మీదే సగం తేలిపోయింది.

మిగతా సగం షెడ్డు లోపల పైన తిరిగే క్రేనుది. లేపి ఉంచిన బాడీ మీదుగా క్రేను అటూ ఇటూ తిరగాలంటే హుక్కు ఏడున్నర మీటర్ల దాకా పోవాలి. అయిదు టన్నుల క్రేనుకు హుక్కు అంత పైకి పోవాలంటే అది నడిచే పట్టా ఎనిమిది మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉండాలి. పట్టా మీద క్రేను ఒళ్ళు, దానికీ రాఫ్టరుకూ మధ్య కాస్త ఖాళీ, రెండూ కలిపి ఒక మీటరు. కాలమ్, రాఫ్టరు కలిసే మూలలో రాఫ్టరు లోతే 80 సెంటీమీటర్లు ఉంటుంది. ఇలా కింద నుంచి పైకి కూడుకుంటూ పోతే చూరు పదిన్నర మీటర్ల దగ్గర తేలింది. అంటే 34 అడుగుల పైనే. ఇరవై అడుగులని మొదలుపెట్టిన ఇంటాయన ముఖం చూసి, ఖర్చు లెక్క కూడా అప్పుడే విప్పి చెప్పాను.

ఎత్తు పెరిగితే గోడల రేకులు పెరుగుతాయని అందరికీ తెలుసు. అసలు ఖర్చు రేకుల్లో లేదు, గాలిలో ఉంది. కాలమ్ ఎత్తు ఒకటిన్నర రెట్లయితే అదే గాలికి దాని పాదం దగ్గర వంచే బలం రెండుంపావు రెట్లవుతుంది. అదే మందం కాలమ్ అయితే ఊగడం అయిదు రెట్లవుతుంది. కాబట్టి పొడుగాటి షెడ్డులో కాలమ్ విరుగుతుందన్న భయం కన్నా ఊగుతుందన్న భయమే స్టీలు బరువును నిర్ణయిస్తుంది. స్టీలు కట్టడాల కోడు ఐఎస్ 800 ప్రకారం చుట్టూ రేకులే ఉన్న పదిన్నర మీటర్ల షెడ్డు చూరు దగ్గర 70 మిల్లీమీటర్ల దాకా పక్కకు జరిగినా ఫర్వాలేదు. ఇటుక గోడ కట్టేశారా, 44కు మించకూడదు, గోడ పగులుతుంది. ఇటుక గోడను మూడు మీటర్ల దగ్గర ఆపి పైన రేకులు వేయమని పోరేది అందుకే. క్రేను వస్తే ఇంకా బిగించాలి. ఎనిమిది మీటర్ల ఎత్తులోని పట్టా, కింద నుంచి బటన్లతో నడిపే క్రేనుకు 40 మిల్లీమీటర్లకు మించి జరగకూడదు. మనిషి పైన క్యాబిన్‌లో కూర్చుని నడిపేదైతే అందులో సగం.

ఇక గాలి ఊరిని బట్టి మారుతుంది. గాలి లెక్కల కోడు ఐఎస్ 875 మూడో భాగంలో గాలి వేగం కర్నూలుకు సెకనుకు 39 మీటర్లు, హైదరాబాదుకు 44, విజయవాడకూ విశాఖకూ 50. చూడటానికి తేడా కొంచెమే అనిపిస్తుంది కానీ ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కర్నూలు షెడ్డు కన్నా విజయవాడ షెడ్డు మోసే గాలి ఒత్తిడి 60 శాతం పైనే ఎక్కువ. తూర్పు తీరానికి 60 కిలోమీటర్ల లోపు కట్టే పరిశ్రమల షెడ్లకు అదే కోడు 2015 కూర్పు మరో 1.15 గుణకం కూడా చేర్చింది. ఒకే కొలతలకు రెండు కొటేషన్లలో పది టన్నుల తేడా కనిపిస్తే తక్కువ బరువుది చవకని సంబరపడొద్దు. ఏ గాలి వేగానికి లెక్క కట్టారో, ఆ గుణకం వేశారో లేదో, క్రేను బరువు కలిపారో లేదో కాగితం మీద రాసివ్వమని అడగండి. సంగారెడ్డి జిల్లాలోనే పాశమైలారంలో కిర్బీ, సదాశివపేటలో పెన్నార్, ఇలాంటి షెడ్లు తయారుచేసే ఫ్యాక్టరీలున్నాయి. ఇంత దగ్గర్లో ఈ విద్య తెలిసిన ఇంజినీర్లుండగా, అడిగితే జవాబు దొరక్కపోదు.

గాలి పక్క నుంచి తోసేది ఒక ఎత్తు, కప్పును పైకి లాగేది ఇంకో ఎత్తు. సెకనుకు 50 మీటర్ల గాలి అంటే చదరపు మీటరుకు సుమారు 150 కిలోల ఒత్తిడి. రేకులు, వాటిని మోసే పర్లిన్లు, రాఫ్టరు అన్నీ కలిపినా కప్పు బరువు పాతిక కిలోలు దాటదు. 24 మీటర్ల వెడల్పులో, ఏడున్నర మీటర్లకొక ఫ్రేము పెడితే ఒక్కో కాలమ్ వంతుకు 90 చదరపు మీటర్ల కప్పు వస్తుంది. గాలి ఆ కప్పును అదే ఒత్తిడితో లాగితే, కప్పు బరువు పోనూ ఒక్కో కాలమ్‌ను భూమిలోంచి పీకే బలం పది టన్నుల పైమాటే. పెద్ద తలుపు తెరిచి ఉంటే సంగతి మరీ ముదురుతుంది. లోపలికొచ్చిన గాలి గొడుగును తిరగేసినట్టు కప్పును కింద నుంచి కూడా నెడుతుంది. అన్నీ మూసి ఉన్న షెడ్డుకు కోడు 0.2 అని పెట్టిన లోపలి ఒత్తిడి గుణకం, గోడలో అయిదో వంతు మించి తెరిచి ఉంటే 0.7 అవుతుంది. లారీలు రావడానికి అయిదారు మీటర్ల షట్టర్లు పెట్టుకున్న వర్క్‌షాపుకు తుఫాను రోజున అవన్నీ మూసే ఉంటాయని ఎవరు పూచీ? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ మీదకు వచ్చినప్పుడు విమానాశ్రయం కప్పే దెబ్బతింది. రేకులు ముందు లేచేది మూలల్లో, అంచుల్లో. ఆ చోట్ల పర్లిన్లు దగ్గరగా, స్క్రూలు ఎక్కువగా వేయమని డ్రాయింగులో రాయించాలి. రాసినా, పైనున్నవాళ్ళు వేశారో లేదో నిచ్చెనెక్కి చూడాలి.

అంత బలాన్నీ పట్టి ఉంచేవి కాంక్రీటులో నిలబెట్టిన యాంకర్ బోల్టులు. స్టీలు పని ఒకరిదీ, పునాది పని ఇంకొకరిదీ కావడం వల్ల, నేను చూసినంతలో ఎక్కువ తగాదాలు ఇక్కడే. ఫ్యాక్టరీలో బేస్ ప్లేటు రంధ్రాలు బోల్టు కన్నా నాలుగైదు మిల్లీమీటర్లే పెద్దవిగా వేస్తారు. సైటులో మేస్త్రి బోల్టులను కడ్డీల మధ్య కట్టుతీగతో కట్టేసి కాంక్రీటు పోయిస్తే, వైబ్రేటరు తగిలి ఏ బోల్టో వేలెడంత పక్కకు ఒరుగుతుంది. నెల తర్వాత ట్రెయిలరు మీద కాలమ్ దిగుతుంది, కూర్చోదు. అప్పుడు గ్యాస్ కట్టరు తీసి రంధ్రం పెద్దది చేస్తారు, లేదంటే బోల్టును వేడిచేసి వంచుతారు. పైకి ఏమీ కనబడదు. పీకే బలం వచ్చిన రోజున తెలుస్తుంది. అందుకే టెంప్లేటు ప్లేటు లేకుండా ఒక్క గుంటలో కూడా కాంక్రీటు పోయనివ్వను. మరలకు గ్రీజు రాసి, ప్లాస్టిక్ చుట్టి, టెంప్లేటుకు కిందా మీదా నట్లు బిగించాలి. థియోడొలైటుతో వరుస చూసుకోవాలి, కాంక్రీటు పోసిన వెంటనే అది ఇంకా పచ్చిగా ఉండగానే మళ్ళీ ఒకసారి చూసుకోవాలి. గుంటూరు, విజయవాడ పక్కన నల్లరేగడి తగిలితే ఇదంతా మొదలుపెట్టే ముందే మట్టి పరీక్ష చేయించాలి.

నిలబెట్టే రోజులు ఇంకా ప్రమాదం. పూర్తయిన షెడ్డు కన్నా సగం లేచిన షెడ్డుకే గాలంటే ఎక్కువ భయం. రెండు ఫ్రేములు ఎత్తి, వాటి మధ్య అడ్డ రాడ్లు బిగించి గట్టిపడ్డాకే మూడోదానికి పోవాలి. సాయంత్రమైందని వదిలేసి వెళ్ళిన ఒంటరి ఫ్రేమును రాత్రి వచ్చిన ఈదురుగాలి పడేయగలదు. పది మీటర్ల పైన పర్లిన్ మీద నడిచే కుర్రాళ్ళకు బెల్టు ఇస్తారు, ఆ బెల్టు తగిలించుకునే తాడు మాత్రం కట్టరు. తాడు లేని బెల్టు దేనికని ప్రతి సైటులోనూ అడుగుతాను.

ఆ అడ్డ రాడ్ల గురించే ఇంటాయనా అడిగారు. "ఏమండీ, అవి తీసేస్తే అక్కడ ఇంకో షట్టరు పెట్టుకోవచ్చు కదా?" తీయకూడదు. షెడ్డు పొడవునా తోసే గాలిని, క్రేను ఆగినప్పుడు వచ్చే కుదుపును నేలకు దించేవి అవే. తలుపు అక్కడే కావాలనుకుంటే ముందే చెబితే రాడ్ల బదులు పోర్టల్, అంటే ద్వారబంధం లాంటి ఫ్రేము పెడతాం, నాలుగు రాళ్ళు ఎక్కువవుతాయి. కట్టాక అడిగితే లేదు.

విజయవాడ ఎండ సంగతి చెప్పకపోతే మేస్త్రి నొచ్చుకుంటారు. ఎత్తు ఉన్నంత మాత్రాన షెడ్డు చల్లబడదు. వేడిగాలి పైకి చేరుతుంది, అక్కడ దానికి దారి కావాలి. కప్పు నడినెత్తిన పొడవునా వెంటిలేటరు, కింద గోడల్లో గాలి వచ్చే లూవర్లు, రేకు కింద ఇన్సులేషను, ఈ మూడింటికీ డబ్బు ఖర్చు పెట్టమన్నాను. 1948 ఫ్యాక్టరీల చట్టం మనిషికి 14.2 ఘనపు మీటర్ల చోటుండాలని చెప్పింది, 4.2 మీటర్ల పైనున్న చోటును లెక్కలోకే తీసుకోలేదు. ఆ పద్ధతి నాకు నచ్చుతుంది. మనిషి బతికే గాలి కిందే ఉంటుంది.

చివరికి పదిన్నర మీటర్లకే ఒప్పుకున్నారు. క్రేను వచ్చే ఏడు కొంటామన్నారు. దాని పట్టాను మోసే బ్రాకెట్లు మాత్రం ఇప్పుడే ఫ్యాక్టరీలో కాలమ్‌లతో పాటు వెల్డింగ్ చేయించి, పునాదులకూ క్రేను బరువు కలిపే లెక్క వేయించాను. ఉత్తరం వైపు చివరి ఫ్రేమును కూడా మధ్య ఫ్రేముల్లాగే పూర్తి బలంతో పెట్టించాను. అటు ఇంకా స్థలముంది.