షరాబు కన్నుతో వాక్యం

ఈజిప్టు ఎడారి మఠాల్లో చెప్పుకున్న సంగతి ఇది. ఒక సన్న్యాసి తన కొడుకుతో కలిసి మఠంలో ఉండేవాడు. అబ్రాహాము ఇస్సాకును అర్పించబోయిన వృత్తాంతం అతని మనసును పట్టేసింది. తానూ కొడుకును బలిస్తే ఆ పితరుడికి సమానుడినవుతానని, ఇది దేవుడి ఆజ్ఞేనని నమ్మాడు. తండ్రి ఎన్నడూ లేనిది కత్తి నూరుతున్నాడు, గొలుసుల కోసం వెతుకుతున్నాడు. అది చూసి కుర్రాడు పారిపోయాడు, బతికాడు.

దీన్ని రాసిపెట్టినవాడు జాన్ కాసియన్. నాలుగో శతాబ్దం చివర అతను, మిత్రుడు జెర్మానస్ స్కేటిస్ ఎడారి పెద్దల దగ్గర కూర్చుని ఎన్నో అడిగి తెలుసుకున్నారు. వాటిని 420ల్లో, ఇప్పటి ఫ్రాన్స్ దక్షిణ తీరంలో, 24 సంభాషణలుగా లాటిన్‌లో రాశాడు. మొదటి రెండింటిలో మాట్లాడేది అబ్బా మోషే. రెండోది పూర్తిగా వివేచన గురించే.

మనసులోకి వచ్చే ప్రతి తలంపునూ షరాబు నాణేన్ని చూసినట్టు చూడమంటాడు మోషే. అసలు బంగారమా, మెరుగుపెట్టిన ఇత్తడా? బంగారమే అయితే దానిమీద ఉన్నది నిజమైన రాజు ముద్రేనా? టంకశాల సరైనదేనా? తుప్పు తిని తూకం తగ్గలేదు కదా?

వాక్యం చదివేవాళ్లకు వీటన్నిటిలో రెండోదే ప్రాణం. దేవాలయ శిఖరం మీద యేసు ముందు అపవాది వల్లించినది 91వ కీర్తన. బంగారం అసలుదే, ముద్ర దొంగది. యేసు ఆ కీర్తనను కాదనలేదు, ద్వితీయోపదేశకాండంలోని మాటను దాని పక్కన పెట్టాడు. ఒక వాక్యాన్ని మిగతా లేఖనంతో తూచడమంటే ఇదే. మోషే చెప్పిన హెరోన్ అనే వృద్ధుడు ఈ జాగ్రత్త తీసుకోలేదు. యాభై ఏళ్లు ఎడారిలో కఠినంగా బతికినవాడు, తన పుణ్యబలం కాపాడుతుందని దూత వేషంలో వచ్చిన అపవాది చెప్పిన మాట నమ్మి బావిలోకి దూకాడు. మూడో రోజు చనిపోయాడు. అంత ఉపవాసం చేసినవాడికి కూడా వివేచన దానంతటది రాలేదు.

మన సంఘాల్లో కొత్త సంవత్సరం ఆరాధనలో వాగ్దానంగా ఎంతోమంది అందుకునే వాక్యం యిర్మీయా 29:11. మీ పట్ల నావి కీడు కాదు, మేలు ఉద్దేశాలే అని దేవుడు చెప్పే, ఎంతో ఆదరణనిచ్చే మాట అది. అయితే అది ఒక ఉత్తరంలోనిది. బబులోనుకు చెరపట్టుకుపోయినవాళ్లకు యిర్మీయా పంపిన ఉత్తరం. దానికి ముందు వచనంలోనే 70 ఏళ్ల తర్వాతే తిరిగి రప్పిస్తానన్న మాట ఉంది. అంటే వింటున్న పెద్దల్లో చాలామంది తిరిగి రాలేరు. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పెళ్లిళ్లు చేయండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అని అంతకుముందే చెప్పాడు. రెండేళ్లలో అంతా సర్దుకుంటుందన్నవాడు వేరే ఉన్నాడు, 28వ అధ్యాయంలోని అబద్ధ ప్రవక్త హనన్యా. యెహోవా పేరుతోనే చెప్పాడు, జనానికి నచ్చేదే చెప్పాడు. ఈ ఏడాదే ఉద్యోగం, ఈ ఏడాదే ఇల్లు అంటూ 29:11ని అందించినప్పుడు మనం యిర్మీయా బంగారం మీద హనన్యా ముద్ర కొడుతున్నాం. ఉద్యోగం రాని పిల్లవాడు డిసెంబరు నాటికి తన విశ్వాసాన్నే అనుమానించుకుంటాడు. ఉత్తరం మొత్తం చదివి ఉంటే, చెరలో ఉన్నా దేవుడు వదిలేయలేదన్న గట్టి నిరీక్షణ అతనికి దక్కేది.

మరి వివేచన ఎలా వస్తుంది? దీనత్వంతో అంటాడు మోషే. దానికి మొదటి ఆనవాలు, తనకు తోచింది దాచుకోకుండా పెద్దల ముందు పెట్టడం. దాచిన తలంపుకే బలమెక్కువ. అయితే నెరిసిన జుట్టు చూసి పెద్దను ఎంచుకోవద్దని కూడా ఆయనే హెచ్చరించాడు. తన శోధనలు చెప్పుకున్న యువకుణ్ణి కసిరి నిరాశలోకి నెట్టిన వృద్ధుడి ఉదంతమూ ఆ సంభాషణలోనే ఉంది. దైవజనుడు చెప్పాడు కాబట్టి ప్రశ్న వద్దనే చోట ఈ పరీక్ష జరగదు. బెరయవాళ్లు అపొస్తలుడైన పౌలు మాటనే లేఖనాలతో సరిచూశారు, అపొస్తలుల కార్యాల గ్రంథం వారిని మెచ్చుకుంది.

ఒక వాక్యం మీతోనే మాట్లాడిందని అనిపిస్తే సంతోషించండి. ఆ అధ్యాయమంతా చదవండి. దాన్నిబట్టి పెళ్లి, అప్పు, వైద్యం వంటి నిర్ణయం తీసుకునే ముందు, మీకు వద్దని చెప్పగలిగే ధైర్యమున్న ఒక విశ్వాసికి చెప్పండి. బైబిల్ స్టడీలు నడిపే పెద్దలు, దయచేసి ప్రశ్నలకు కొంత సమయం ఉంచండి.