ఎనిమిది తీగల వరస

సింగపూర్‌లోని టాంపినీస్‌లో హెచ్‌డీబీ (ప్రభుత్వ గృహ) బ్లాకుల కింది అంతస్తుల్లో చిన్న సేవాసంస్థలు కొన్ని నడుస్తుంటాయి. ఒకటి రెండు గదులు, నాలుగైదు కంప్యూటర్లు, విరాళాల మీద నెట్టుకురావడం. అలాంటిచోట నెట్‌వర్క్ వేసే మనిషి పనితనం చూసి తీరాలి.

కేబుల్ తొడుగు ఒలిచి, మెలితిరిగిన తీగల్ని సాపుచేసి వరస పెడతాడు: తెల్లచార నారింజ, నారింజ, తెల్లచార ఆకుపచ్చ, నీలం, తెల్లచార నీలం, ఆకుపచ్చ, తెల్లచార గోధుమ, గోధుమ. కొసలు సమంగా కత్తిరించి, ప్లగ్గులోకి తోసి, క్రింపర్‌తో ఒక్క నొక్కు. మెలిక అవసరానికి మించి విప్పడు. ఒక జతలోని సంకేతం పక్క జతలోకి పాకకుండా కాపాడేది ఆ మెలికే. ఆపైన టెస్టర్‌లో ఎనిమిది దీపాలూ వరసగా వెలగాలి.

నాకు మరీ నచ్చేది, అక్కర్లేనిది కొనిపించకపోవడం. కాంక్రీటు గోడలు వైఫైని మింగేస్తాయి గనక కదలని కంప్యూటర్లకు తీగే లాగుతాడు. వంద మీటర్ల లోపు దూరానికి మామూలు రాగి కేబుల్ చాలు. అతిథుల వైఫైని మాత్రం ఆఫీసు ఫైళ్ల నుంచి తప్పకుండా విడదీస్తాడు. సాయం కోరి వచ్చినవాళ్ల వివరాలు ఆ ఫైళ్లలోనే ఉంటాయి. 2012 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సేవాసంస్థలకూ వర్తిస్తుంది. చివరగా ప్రతి కేబుల్ కొసకూ చీటీ అంటిస్తాడు, రేపు ఇంకెవరొచ్చినా తడుముకోకుండా.