మొదటి కారును కాదు, మీ కారును చూడండి

అమెరికాలోని షార్లెట్‌లో తెలుగు కుటుంబాలు తక్కువేం కాదు. అక్కడి బ్యాంకుల్లో, సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఏళ్ల తరబడి పనిచేస్తున్నా, ఊరి పక్కనే కాంకర్డ్‌లో ఉన్న షార్లెట్ మోటర్ స్పీడ్‌వేలో ఒక్కసారైనా అడుగు పెట్టనివాళ్లు నాకు చాలామంది తెలుసు. డాలస్, అట్లాంటాల్లో ఉన్నవాళ్లకీ దగ్గర్లోనే పెద్ద ట్రాకులున్నాయి. ఎందుకు వెళ్లలేదంటే అందరిదీ ఒకే మాట: కార్లు గంటల తరబడి ఎడమవైపుకే తిరుగుతుంటే చూడ్డానికేముంది? చూడ్డానికి చాలా ఉంది. ఎక్కడ చూడాలో తెలియాలి, అంతే.

స్టాక్ కార్ రేసింగ్ అనే ఈ ఆట పుట్టింది మెకానిక్కుల చేతుల్లో. అమెరికా దక్షిణాదిన, అపలేచియన్ కొండల్లో నాటుసారా కాసేవాళ్లు రాత్రిళ్లు సరుకును పట్నాలకు చేరవేసేవారు. కారు బయటికి మామూలు ఫోర్డ్‌లాగే కనిపించాలి. ఇంజిన్ మాత్రం పోలీసు బండికి అందకూడదు. సారా బరువుకు వెనకభాగం కిందికి దిగితే అనుమానం వస్తుంది కాబట్టి స్ప్రింగులు గట్టిపరిచేవారు. ఎవరి బండి గొప్పదో తేల్చుకోవడానికి పందేలు పెట్టుకున్నవాళ్లలో వీళ్లూ ఉన్నారు. ఆ చెల్లాచెదురు పందేలకు ఒక కట్టడి తేవాలని రేసుల నిర్వాహకుడు బిల్ ఫ్రాన్స్ 1947 డిసెంబర్‌లో డేటోనా బీచ్‌లోని ఒక హోటల్లో అందరినీ కూర్చోబెట్టాడు. 1948లో నాస్కార్ సంస్థ ఏర్పడింది. మరుసటి ఏడు జూన్ 19న, షార్లెట్‌లో ఒక మట్టి ట్రాక్ మీద, షోరూమ్ నుంచి వచ్చినట్టే ఉన్న కార్లతో మొదటి పెద్ద రేసు జరిగింది. గ్లెన్ డనవే మొదట గీత దాటాడు. తనిఖీలో అతని ఫోర్డ్ వెనక స్ప్రింగుల్ని సారా బళ్ల పద్ధతిలో మార్చినట్టు బయటపడింది. గెలుపు కాన్సాస్ నుంచి వచ్చిన జిమ్ రోపర్‌కి ఇచ్చారు. మొదటి రేసు ఫలితమే స్ప్రింగుల దగ్గర తేలిందన్నమాట. ఇవాళ్టి రేసులు కూడా చాలావరకు తేలేది అక్కడే.

ఇప్పటి కారు చూపులకు క్యామ్రీ, మస్టాంగ్, కమారో. లోపల అంతా ఉక్కు పైపుల గూడు. తెరిచే తలుపుల్లేవు, డ్రైవర్ కిటికీలోంచి దూరి కూర్చుంటాడు. హెడ్‌లైట్లు అంటించిన స్టిక్కర్లు. 2022లో కొత్త తరం కారు వచ్చాక చాలా భాగాలు అన్ని జట్లూ ఒక్కో భాగానికి నిర్ణయించిన ఒకే తయారీదారు దగ్గర కొనాల్సిందే. కాబట్టి తేడా ఎక్కడుంటుందంటే బిగింపులో, టైర్ల గాలిలో, బరువు ఏ చక్రం మీద ఎంత పడాలన్న లెక్కలో.

మలుపులో కారు రెండు రకాలుగా మొండికేస్తుంది. ముందు టైర్లు పట్టు వదిలితే స్టీరింగ్ ఎంత తిప్పినా బండి గోడవైపే పోతుంది. దీన్ని టైట్ అంటారు. వెనక టైర్లు జారితే తోక బయటికి విసురుతుంది, అది లూజ్. షార్లెట్ ట్రాక్ మలుపుల్లో 24 డిగ్రీల వాలుంటుంది. అంత వాలు మీద, అంత వేగంలో, ఈ రెండింటి మధ్య సన్నని సందులో బండిని పట్టి ఉంచడమే డ్రైవర్ పని. అసలు చిక్కేమిటంటే ఆ సందు ఒకచోట నిలవదు. టైర్లు అరుగుతాయి, పెట్రోలు తగ్గి బరువు మారుతుంది, ట్రాక్ మీద రబ్బరు పేరుకుంటుంది.

అందుకే తొలిసారి వెళ్లేవాళ్లకు మే చివరి ఆదివారాల్లో వచ్చే కోకకోలా 600 చూడమంటాను. 600 మైళ్లు, 400 ల్యాపులు. హైదరాబాద్ నుంచి విశాఖ వెళ్లి, సగం దారి వెనక్కి వచ్చినంత దూరం. సాయంత్రం ఎండలో మొదలై, ఫ్లడ్‌లైట్ల కింద రాత్రికి ముగుస్తుంది. ఎండకు కాగిన తారు జారుడుగా ఉంటుంది, చీకటి పడి చల్లబడ్డాక టైరుకు పట్టు పెరుగుతుంది. ఆరింటికి అందరికంటే ముందు పరుగెత్తిన బండి తొమ్మిదింటికి టైట్ అయిపోయి పదిహేనో స్థానానికి జారొచ్చు. మొదటి స్థానం కోసం పోట్లాట అందరికీ కనిపిస్తుంది. మీరు మాత్రం మధ్యలో ఎక్కడో ఉన్న ఒక కారును ఎంచుకుని దాన్నే అంటిపెట్టుకోండి. అది మలుపులో ఏ గీత మీద దిగుతోంది, ముందు ల్యాపుకంటే గోడకు దగ్గరైందా, డ్రైవర్ యాక్సిలరేటర్ మీంచి కాలు ఎప్పుడు తీస్తున్నాడు, ఇవి గమనించడం మొదలుపెట్టాక గంటలు తెలియవు.

మరో సాయం ఉంది. ట్రాక్ దగ్గర స్కానర్ అనే చిన్న రేడియో అద్దెకిస్తారు. డ్రైవరుకీ జట్టుకీ మధ్య జరిగే మాటలన్నీ నేరుగా మీ చెవిలో పడతాయి. ఇంతగా తలుపులు తెరిచి పెట్టిన ఆట నాకు మరొకటి తెలియదు. "లోపలికి దిగేటప్పుడు టైట్, బయటికి వచ్చేటప్పుడు లూజ్" అని డ్రైవర్ ఆయాసంతో చెబుతాడు. జట్టును నడిపించే క్రూ చీఫ్ కాసేపు ఆలోచించి, "వచ్చేసారి పానా అర చుట్టు" అంటాడు. ఈ ఇద్దరూ కాక స్పాటర్ అని ఒకడు గ్యాలరీ కప్పు మీద నిలబడి ఉంటాడు. హెల్మెట్, సీటు కట్టుదిట్టాల వల్ల డ్రైవరుకు పక్కన ఏముందో సరిగా కనిపించదు. "ఇన్‌సైడ్... ఇంకా ఉన్నాడు... ఇంకా ఉన్నాడు... క్లియర్" అని స్పాటర్ గుక్క తిప్పుకోకుండా చెబుతూ పోతాడు. ఆ చివరి మాట వినగానే కారు పక్కకు జరుగుతుంది. కళ్లు ఒకరివి, చేతులు ఇంకొకరివి. ఆ నమ్మకం నన్ను కదిలిస్తుంది.

ప్రమాదమో మరేదో జరిగి పసుపు జెండా ఊగితే సీట్లోంచి లేవకండి. టైర్లకూ పెట్రోలుకూ ఆగే చోటైన పిట్‌లోకి కార్లన్నీ కలిసి వచ్చేది అప్పుడే. బండి ఆగే క్షణానికి ఐదుగురు గోడ దూకి ఉంటారు. జాకీ మోసేవాడు ముందు కుడిపక్కకు పరుగెత్తి, ఒక్క పోటుతో బండిని లేపుతాడు. ఇద్దరు గన్‌తో ఒక్కో చక్రానికి ఉన్న ఒకే ఒక్క నట్టు విప్పుతారు. ఇంకొకడు టైర్లు అందిస్తాడు. ఐదోవాడు భుజం మీద డబ్బా ఎత్తి పెట్రోలు వంచుతాడు. అవసరమైతే వెనక అద్దంలోని రంధ్రంలోంచి పానా దూర్చి, స్ప్రింగు మీది బరువు మార్చేస్తారు. నాలుగు టైర్లూ మారి బండి కదలడానికి పది సెకన్లు అటూఇటూ. ఐదో స్థానంలో వచ్చినవాడు రెండో స్థానంలో బయటపడేది ఇక్కడే. ఈ పనిని ఒక విద్యగా మలిచినవాళ్లు వర్జీనియాకు చెందిన వుడ్ సోదరులు. 1965 ఇండియనాపొలిస్ 500లో జిమ్ క్లార్క్ కారుకు పిట్ పని చేయడానికి వాళ్లనే పిలిపించారు. ఆ రేసు క్లార్కే గెలిచాడు.

చప్పుడు సంగతి ముందే చెప్పాలి. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ చూసినవాళ్లు ఆ కరెంటు కార్ల సన్నని కూతను మరిచిపోవాలి. ఇక్కడ దాదాపు నలభై వీ-8 ఇంజన్లు ఒక్కసారి ముందుకు దూకితే ఆ అదురు పక్కటెముకల్లో తెలుస్తుంది. చెవులకు రక్షణ లేకుండా, ముఖ్యంగా పిల్లల్ని తీసుకుని, లోపలికి వెళ్లొద్దు. సీటు వీలైనంత పైన తీసుకోండి. కింది వరసల్లో వేగం భయపెట్టేంత దగ్గరగా ఉంటుంది, టైర్ల నుంచి ఊడిన నల్లటి రబ్బరు తునకలు ఒళ్లో పడతాయి, కానీ రేసు కనిపించదు. చాలా ట్రాకుల్లో చిన్న కూలర్ లోపలికి తెచ్చుకోనిస్తారు. పులిహోర బ్రహ్మాండంగా నిలుస్తుంది.

ఈ సంప్రదాయంలో సిగ్గుపడాల్సినవీ ఉన్నాయి. వెండెల్ స్కాట్ అనే నల్లజాతి డ్రైవర్ తన కారును తానే బాగుచేసుకుంటూ, పాత భాగాలతో నెట్టుకొచ్చాడు. 1963 డిసెంబర్‌లో జాక్సన్‌విల్‌లో గెలిస్తే వేదిక మీద కప్పు వేరొకరికి ఇచ్చారు. జనం వెళ్లిపోయాక తప్పు ఒప్పుకున్నారు. ఆ గెలుపుకు నాస్కార్ ఒక కప్పును ఆ కుటుంబానికి అందించింది 2021లో, అతను పోయిన ముప్పై ఏళ్లకు. స్కాట్‌ను తలుచుకోకుండా ఈ ఆట గొప్పతనం చెప్పడం నాకు చేతకాదు. ఆలస్యంగానైనా నేర్చుకున్న పాఠాలూ ఉన్నాయి. 2001 ఫిబ్రవరిలో స్టార్ డ్రైవర్ డేల్ అర్న్‌హార్ట్ డేటోనా 500 రేసు చివరి ల్యాపులో గోడకు గుద్దుకుని చనిపోయాక, మెడను పట్టి ఉంచే పరికరం తప్పనిసరి చేశారు, గోడలకు దెబ్బను మింగే అమరిక పెట్టారు. నాస్కార్ జాతీయ సిరీస్‌లు మూడింటిలో ఆ తర్వాత ఏ డ్రైవరూ రేసులో ప్రాణం పోగొట్టుకోలేదు.

షార్లెట్ నచ్చితే, రెండోసారి అంత పెద్దదానికి వెళ్లొద్దు. గంట దూరంలో హికరీ అనే చిన్న ట్రాక్ ఉంది. 1951 నుంచీ నడుస్తోంది, ఒక ల్యాపు అరమైలు కూడా ఉండదు. శనివారం రాత్రి అక్కడ పరుగెత్తేవాళ్లలో చాలామంది వారమంతా వేరే ఉద్యోగం చేసుకుని, సాయంత్రాలు షెడ్డులో బండి కింద దూరేవాళ్లే. రేసు అయ్యాక వాళ్ల దగ్గరికి వెళ్లి, ఇవాళ బండి టైటా లూజా అని అడగండి. బానెట్ ఎత్తి మరీ చెబుతారు.